వాలప్ అంటే ఏంది సార్?

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా బడి స్నేహితుడు నర్సింహ మరో ఇద్దరిని వెంటబెట్టుకొని ఇబ్రహీంపట్నంలోని మా ఇంటికి వచ్చాడు. నర్సింహ ఇప్పుడు కొంగరకలాన్ చుట్టుపక్కల ప్లాట్లు అమ్ముతాడు. మా తొమ్మిదో తరగతిలో వెనక బెంచీ. చేతిలో మిఠాయి డబ్బా, దాని మీద నిగనిగలాడే కార్డు. మా ఇంగ్లీషు సారుకు పూర్వ విద్యార్థులంతా కలిసి సన్మానం చేస్తున్నారట. తుర్కయాంజాల్ దాటాక సాగర్ రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో. నేను ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషిని, పైగా నాలుగు పుస్తకాలు రాశాను కాబట్టి వేదిక మీద మాట్లాడాలట. "మేడమ్, నువ్వు మాట్లాడకుంటె ఎట్ల? సారు పేరు నిలబెట్టినదానివి నువ్వే," అన్నాడు. నేను కార్డు విప్పాను. సారు ఫొటో కింద బంగారు అక్షరాలతో ఒక వాక్యం: "మీ వాలప్‌లే మమ్మల్ని మనుషుల్ని చేశాయి."

నర్సింహ ఆ వాక్యం మీద వేలు పెట్టి విరగబడి నవ్వాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. టీ ఇచ్చి పంపించాను. వాళ్ల కారు మలుపు తిరిగేదాకా గేటు పట్టుకొని నిలబడ్డాను. లోపలికొచ్చి ఆ కార్డును కోపంతో బల్ల మీదికి విసిరికొట్టాను. అరవై దాటినదాన్ని, బీపీ గోళీలు మింగుతున్నదాన్ని, ఇంకా ఇంత కోపం ఒంట్లో ఎక్కడ దాక్కుందో నాకే అర్థం కాలేదు.

ఆ మాట మా పల్లెకు మా సారుతోనే వచ్చింది. ఇబ్రహీంపట్నం నుంచి నాలుగు మైళ్ల లోపలికి మా ఊరు. ఊరి పేరు, బడి పేరు చెప్పను, అక్కడ ఇప్పుడు చదివే పిల్లలు చేసిన పాపం ఏమీ లేదు. సారు రోజూ పట్నం నుంచి బస్సులో వచ్చేవాడు. ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా, దగ్గరికొస్తే జర్దా వాసన, చంకలో హాజరు పుస్తకం, చేతిలో చింత బరిగె. పాఠం గైడు చూసి చదివేవాడు, అర్థాలు గైడు చూసి రాయించేవాడు. కానీ కొట్టే ముందు మాత్రం ఏ గైడూ చూడకుండా, మెరుపులాంటి ఇంగ్లీషులో ఒకటే వాక్యం అనేవాడు: "ఐ విల్ వాలప్ యూ!" ఆ మాటకు అర్థమేమిటో మాలో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. కొందరు అది బరిగె పేరనుకున్నారు. కొందరు బూతుమాట అనుకున్నారు. పదిరోజుల్లో అది ఊళ్లోకి పాకింది. "ఇయ్యాల నీకు ఎన్ని వాలప్‌లు పడ్డయిరా?" అని పిల్లలు లెక్క చూసుకునేవారు. గొర్లకాపరులు కుక్కను బెదిరించేవారు, "వాలప్ ఇయ్యన్నా?" అని.

మా ఇంట్లోకీ వచ్చింది. మా నాయనమ్మకు పొద్దున నాలుగు గంటలకే తెల్లవారేది. ఎడ్లకు ఉలవలు ఉడికించే పెద్ద కాగు కింద మంట వేసి, పక్కనే గొంగడి మీద కూర్చుని, ఆ రోజు ఎవరెవరు ఏమేం చెయ్యాలో మంచాల మీద పడుకున్న మా అందరికీ వినబడేట్టు చెప్పేది. ఉలవల ఆవిరి, పేడనీళ్ల వాసన, పొయ్యిలో కాలే కందికట్టె వాసన కలిసి ఇల్లంతా కమ్ముకునేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఉలవచారు వాసన తగిలితే, లేవకపోతే తిట్లు పడతాయని భయమేస్తుంది. పాలు పిండేటప్పుడు బర్రె కాలు జాడిస్తే నాయనమ్మ, "నిలబడు, లేకుంటె వాలప్ ఇస్త!" అనేది. మేము పడీ పడీ నవ్వేవాళ్లం. ఆ బర్రె పెరుగే ప్రతి శనివారం ఒక ముంతెడు సారుకు పోయేది. మా బాపు బడి కమిటీకి పెద్ద. ఊళ్లో నలభై ఎకరాల ఆసామి. ముంత మోసుకెళ్లేది నేను. అందుకే సారు బరిగె నా అరచేతి మీద ఎప్పుడు పడినా ఈగ వాలినట్టు వాలేది. నర్సింహ మీద కొంచెం గట్టిగా పడేది. ఊరి చివర చర్చి పక్క వాడ నుంచి వచ్చే పిల్లల మీద ఎట్లా పడేదో వాళ్ల పిక్కలు చెప్పేవి. ఇది నేను అప్పుడే చూశాను. తెలియని వయసు అని ఇప్పుడు తప్పించుకోను. తొమ్మిదో తరగతి పిల్లకు ఎవరిని ఎంత కొడుతున్నారో తెలుస్తుంది.

సువర్ణ ఆ వాడ పిల్ల. వాళ్ల నాయన ఏసయ్య తాపీ మేస్త్రీ. మా ఇంటి కొత్త గోడ కట్టింది ఆయనే. సువర్ణ చర్చిలో బైబిలు గడగడా చదివేది. మాటలంటే దానికి పిచ్చి. కొత్త మాట ఏది దొరికినా నోట్లో చింతగింజ పెట్టుకున్నట్టు రోజంతా చప్పరించేది. పక్క ఊరి మిషన్ దవాఖానలో నర్సమ్మను చూసి, తానూ నర్సు కావాలని ఆరో తరగతిలోనే నిర్ణయించుకుంది. మందుల పేర్లు చదవడానికి ఇంగ్లీషు కావాలని పట్టుబట్టి నేర్చుకునేది. క్లాసులో నిజంగా ఇంగ్లీషు వచ్చింది దానికొక్కదానికే. లీడర్ని మాత్రం నేను. ఇద్దరం చెరువుకట్ట దాకా కలిసి నడిచేవాళ్లం, అక్కడి నుంచి దాని దారి దానిది, నా దారి నాది. మా ఇంట్లోకి అది రాదు, వాళ్లింట్లో నేను నీళ్లు తాగను. ఈ సంగతి ఇద్దరమూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

వాలప్ గురించి మాత్రం వారం రోజులు మాట్లాడుకున్నాం. సువర్ణ పాస్టరు గారి దగ్గర ఉన్న చిన్న డిక్షనరీ తిరగేసింది. అందులో లేదు. "కొట్టుడు అనే గావొచ్చు గని, కొట్టుడుకు బీట్ ఉన్నది గద, మల్ల గిదెందుకు? గిది యాడికెళ్లి వచ్చిందే?" అంది. నాకూ తెలుసుకోవాలని ఉంది. అడిగితే లీడర్‌కు ఇది కూడా రాదా అంటారని సిగ్గు. "నువ్వు అడుగు. నీకు ఇంగ్లీషు మంచిగ వస్తది గద. సారు ఖుషీ అయితడు," అన్నాను. నేను అడిగి ఉంటే సారు నన్ను కొట్టేవాడు కాదు. అది నాకు బాగా తెలుసు. అయినా దాన్ని అడగమన్నాను.

మరునాడు మధ్యాహ్నం, రేకుల షెడ్డు కింద ఉడికిపోతున్న పీరియడ్. ఎవరో హోంవర్కు చెయ్యలేదు. సారు బరిగె ఎత్తి తన వాక్యం అన్నాడు. సువర్ణ లేచి నిలబడింది. చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, "వాలప్ అంటే ఏంది సార్?" అంది.

సారు ఆగిపోయాడు. నేను ముందు బెంచీలో ఉన్నాను కాబట్టి ఆయన ముఖం స్పష్టంగా చూశాను. కోపం కంటే ముందు ఇంకేదో వచ్చి పోయింది ఆ ముఖంలో. అదేమిటో అప్పుడు పేరు పెట్టలేకపోయాను. బరిగె బల్ల మీద పెట్టి, నెమ్మదిగా నడిచి వెళ్లి, అరచెయ్యి చాపి దాని ఎడమ చెవి మీద కొట్టాడు. సువర్ణ బెంచీ అంచు మీద పడి, కింద కూలబడింది. "గిది వాలప్ అంటే. సమజైందా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో అడక్కండి, నవ్వాను.

సువర్ణ ఏడవలేదు. చెరువుకట్ట దాకా నడిచి, "చెవుల తుమ్మెద దూరినట్టున్నదే. బయటికి వస్తలేదు," అంది. వాళ్లమ్మ ఎల్లిపాయ వేసి కాచిన నూనె పోసింది. నాలుగు రోజులకు చీము కారింది. పది రోజులకు దవాఖానకు తీసుకుపోయారు. కర్ణభేరి పగిలిందని, లోపల అంతా పాడైందని, ఆ చెవి ఇక వినబడదని డాక్టరు చెప్పాడట.

ఏసయ్య పని మానుకొని, సువర్ణను వెంటబెట్టుకొని బడికి వచ్చాడు. గోళ్ల సందుల్లో ఇంకా సున్నం ఉంది. హెడ్మాస్టరు గదిలో హెడ్మాస్టరు, సారు, మా బాపు కుర్చీల్లో కూర్చున్నారు. ఏసయ్య నిలబడ్డాడు. లీడర్నని నన్ను పిలిపించారు. ఏసయ్య అరవలేదు. "కొట్టద్దంటలేను సారు. పిల్ల ఏం తప్పు చేసిందో చెప్పుండ్రి. గంతే అడుగుతున్న," అన్నాడు. సారు, "క్లాసుల అందరి ముంగట నన్ను ఎక్కిరించింది," అన్నాడు. హెడ్మాస్టరు నా వైపు తిరిగాడు. "నిజమేనా? ఆ పిల్ల ఎక్కిరించిందా?"

నేను బాపు వైపు చూశాను. బాపు కండువా సవరించుకుంటూ నన్నే చూస్తున్నాడు. నేను తల ఊపాను. ఒక్కసారి. అవునని.

"ఇగ ఏంది ఏసయ్యా? నీ బిడ్డ క్లాసు పిల్లే చెప్పబట్టె," అన్నాడు బాపు. "సారు కొట్టేది మన పోరగాండ్ల బాగుకేనాయె. పో, పని చూస్కో." ఏసయ్య నా వైపు చూడలేదు. "అట్లనే పటేలా," అని, గడప దాటాక చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. సువర్ణ అంతసేపూ దూరంగా వరండా చివర ఉందని అనుకున్నాను. నలభై ఏళ్లకు పైగా అట్లాగే అనుకున్నాను.

ఇంట్లో ఆ సంగతి విన్న మనుషుల్లో కోపం వచ్చింది నాయనమ్మ ఒక్కతికే. చదువు రాని మనిషి, కులం పట్టింపులు నిండా ఉన్న మనిషి, ఏసయ్యకు మంచినీళ్లు కూడా ఎత్తు నుంచి పోసే మనిషి. అయినా బాపు అన్నం ముందు కూర్చున్నప్పుడు అడిగింది. "ఆడపిల్ల చెవు వోతె మల్ల మొలుస్తదార? గా సారు మొలిపిస్తడా?" బాపు ముద్ద కలుపుకుంటూనే ఉన్నాడు. "నా బర్రె పెరుగు గా ఇంటికి పోవుడు ఇయ్యాల్టితోని బంద్," అంది. శనివారం నేను ముంత తీసుకుంటే గుంజుకుంది. ఆ తర్వాత వాలప్ అన్న మాట కూడా ఆమె నోట మళ్లీ రాలేదు, బర్రె ఎంత తన్నినా సరే. ముంత ఆగిపోయాక సారు బరిగె నా చేతి మీదా కొంచెం బరువుగా పడసాగింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. అప్పుడు, నా చెయ్యి మండినప్పుడు.

సువర్ణ రెండు నెలలకు బడికి వచ్చి, పదోతరగతి పాసైంది. నర్సు ట్రైనింగుకు పేరు కూడా వచ్చింది. మెడికల్ పరీక్షలో డాక్టరు దాని వెనక నిలబడి ఏదో అడిగాడట, దానికి వినబడలేదు. వెనక్కి పంపేశారు. తర్వాత అంగన్‌వాడీ టీచరైంది. ఎన్నో ఏళ్ల తర్వాత ఇబ్రహీంపట్నం బస్టాండులో కనబడితే నేనే పలకరించాను. అప్పటి నుంచి నెలకోసారి ఫోను, పండగకో క్రిస్మస్‌కో ఒకరింటికొకరం. వాళ్లింట్లో ఇప్పుడు అన్నం తింటాను, అదేదో ఘనకార్యమైనట్టు. బడి మాట మాత్రం ఎత్తేవాళ్లం కాదు.

ఆ మాటకు అర్థం నాకు ఎమ్మే చదివేటప్పుడు దొరికింది. లైబ్రరీలో ఇంకేదో వెతుకుతుంటే, ఇటుకంత మందమున్న డిక్షనరీలో కంటబడింది. నిలబడే చదివాను. అది ఫ్రెంచి వాళ్ల నుంచి ఇంగ్లండుకు చేరిన మాట. మొదట గుర్రం దౌడు తీయడం అని అర్థం. గ్యాలప్ అనే మాటా, ఇదీ ఒకే తల్లి పిల్లలు. తర్వాత ఎసరు తెర్లేటప్పుడు కుతకుతమనే చప్పుడుకు వాడారు. బరువైన శరీరం దబదబా కదలడానికి వాడారు. చిట్టచివరికి, బాగా చివరికి, బాదడానికి వచ్చింది. అదీ మర్యాద మాట కాదు, వీధిలో వాడే మాట. ఆ తర్వాత బీరుకు కూడా అక్కడి జనం ఆ పేరే పెట్టుకున్నారట. నాకు మా ఉలవల కాగు గుర్తొచ్చింది, నాయనమ్మ గుర్తొచ్చింది. ఆ వెంటనే సారు ముఖం గుర్తొచ్చింది. చెయ్యి ఎత్తే ముందు వచ్చి పోయినదేమిటో అప్పుడు తెలిసింది. ఆయనకు అర్థం తెలియదు. తెలియదని చెప్పడానికి ఒక క్షణం చాలు. రేపు చూసి చెప్తానమ్మా అంటే సరిపోయేది. ఆ క్షణం తప్పించుకోవడానికి ఒక పిల్ల చెవి తీసుకున్నాడు.

నేను చెయ్యెత్తలేదని గొప్పలు చెప్పను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, నాకు తెలియని ప్రశ్న ఒక అబ్బాయి వేస్తే, నా కుడి చెయ్యి దానంతటదే లేచింది. గాల్లో ఆగింది. ఆపింది నా మంచితనం కాదు, భయం. ఆ రోజు నుంచి నాకు తెలియనివన్నీ తెలియవనే చెప్పాను. ఆకాశం విరిగిపడలేదు. ఇప్పుడు బళ్లలో కెమెరాలున్నాయి, కొట్టకూడదని చట్టముంది. అయినా మా వీధి చివరి ప్రైవేటు బడి ముందు స్కూటీ ఆపి, "రెండు గట్టిగ తగిలియ్యిండ్రి మేడమ్, మేమేం అనం," అని తల్లులు చెప్పడం నా చెవులతో విన్నాను. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్టుమెంట్లయ్యాయి. ఇదొక్కటి మాత్రం మా తరం భద్రంగా దాచి పిల్లల చేతుల్లో పెట్టింది. పైగా బంగారు అక్షరాల్లో అచ్చు వేసుకుంది.

కార్డు తీసుకుని తుర్కయాంజాల్‌లో సువర్ణ ఇంటికి వెళ్లాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. కార్డు చదివి పక్కన పెట్టి, మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది. నేను ఇక ఆగలేకపోయాను. "సువర్ణా, ఆ రోజు హెడ్మాస్టరు రూముల నన్ను అడిగితే..." అని మొదలుపెట్టాను.

"తల ఊపినవ్," అంది.

"నీకెట్ల తెల్సే?" అన్నాను.

"తలుపు పక్కకే ఉన్న. మా నాయన అడ్డం నిలబడ్డడు, నువ్వు నన్ను చూడలే. చెవి పోయింది గని కండ్లు పోలేదు గద."

"మరి ఇన్నేండ్లు నాతోని ఎట్ల మాట్లాడినవే?"

"నువ్వే చెప్తవేమో అని చూసిన." ఈనె తీసి పళ్లెంలో వేసింది. "చెప్పకుంటె ఇయ్యాల గుడ అడగకపోతుంటి."

"మాఫ్ చేస్తవా?"

"నాకు చెప్పుడు గాదు. గా రోజు నలుగురి ముంగట తల ఊపినవ్. నలుగురి ముంగట చెప్పు. నేను గుడ వస్త."

ఫంక్షన్ హాలు నిండిపోయింది. సారు తొంభైకి దగ్గర పడ్డాడు. శాలువా కప్పుకొని సింహాసనంలాంటి కుర్చీలో కూర్చున్నాడు. ఒక్కొక్కరే వచ్చి తాము తిన్న దెబ్బలు చెప్పి నవ్విస్తున్నారు. నన్ను పిలిచారు. కాగితం మీద రాసుకున్నది పక్కన పెట్టేశాను. "కార్డు మీద రాసింది అబద్ధం," అన్నాను. "మనల్ని మనుషుల్ని చేసింది దెబ్బలు కాదు. ఆ దెబ్బల వల్ల నేను మనిషిని కాకుండా పోయిన రోజు ఒకటుంది, అది చెప్తాను." చెప్పాను. ఎవరు అడగమన్నారు, ఎవరు అడిగారు, ఎవరు నవ్వారు, ఎవరు తల ఊపారు, ఎవరికి నర్సు నౌకరీ రాకుండా పోయింది, అన్నీ. నర్సింహ మెట్ల దగ్గరికొచ్చి, "మేడమ్, గియ్యన్ని ఇప్పుడెందుకు? పెద్దమనిషి," అని గొణిగాడు.

సారు చెయ్యి ఊపి అతణ్ణి ఆపాడు. "ఎవలు గా పిల్ల?" అన్నాడు. సువర్ణ మూడో వరసలో లేచి నిలబడింది. ఆయన కళ్లు చికిలించి చూశాడు. గుర్తుపట్టలేదు. కానీ నోరు మాత్రం పాత నోరే. "చూడమ్మా, అర్థం చెప్పి ఉంటె ఎన్నడో మర్చిపోతుంటివి. దెబ్బ వడ్డది కాబట్టి ఇప్పటిదాకా యాదికున్నది," అన్నాడు మైకులో.

సగం హాలు చప్పట్లు కొట్టింది. ఈలలు కూడా వేశారు.

సువర్ణ చప్పట్లు ఆగేదాకా నిలబడింది. "యాదికున్నది చెవి సార్. మాట గాదు," అని, తన చేతిసంచి తీసుకుని నడిచి బయటికి వెళ్లిపోయింది. దాని వెనక ఎవరో ఇద్దరు ఆడవాళ్లు లేచారు. మిగతావాళ్లు కూర్చునే ఉన్నారు. నేను మైకు బల్ల మీద పడేసి వేదిక దిగాను. అది కీచుమని అరిచింది.

బయట ఎండ మండిపోతోంది. షేర్ ఆటోల కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. "వానికి అర్థం తెల్వదు సువర్ణా! గా రోజు తెల్వదు, ఇయ్యాల తెల్వదు. తెల్వకనే కొట్టిండు," అన్నాను. గుర్రం దౌడు గురించి, తెర్లే ఎసరు గురించి, ఫ్రెంచి నుంచి వచ్చిన సంగతి, గ్యాలప్‌తో చుట్టరికం, అన్నీ గబగబా చెప్పేశాను. సువర్ణ కుడి చెవి నా వైపు తిప్పి, ఒక్క ముక్క పోకుండా విన్నది. ఒక్క క్షణం దాని ముఖంలో ఆ పాత పిల్ల కనబడింది, కొత్త మాట దొరికినప్పటి పిల్ల.

"గుర్రం ఉరుకుడా?" అంది.

"అవ్."

"గంతేనా?"

"గంతే."

అది రోడ్డు వైపు చూసింది. రెండు బస్సులు పోయాయి. తర్వాత నా వైపు తిరిగింది. "నీకు ఎప్పుడు తెల్సింది?"

"ఎమ్మే చదివేటప్పుడు."

"ఎమ్మేనా?" అంది. ఎన్నేళ్లో వేళ్ల మీద లెక్క వేసుకుంది. "మరి నాకెందుకు చెప్పలేదే వసూ? అడిగింది నేను గద."

ఆటో వచ్చి ఆగింది. అది ఎక్కి కూర్చుని, నేనెక్కడానికి జరిగింది. నేను ఎక్కలేకపోయాను.